హైదరాబాదు నుంచి డాలస్‌కు 14,400 కిలోమీటర్లు: మరి టిక్కెట్టు మీద 22 గంటలు ఎందుకు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. అమ్మానాన్నలను మొదటిసారి డాలస్‌కు పిలిపించుకుంటున్నారు. ఫోనులో చూస్తే హైదరాబాదు నుంచి అక్కడికి దూరం 14,400 కిలోమీటర్లని ఉంది. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుంది కనుక 16 గంటల్లో చేరాలి. టిక్కెట్లలో చూస్తే 22 గంటల నుంచి 30 గంటల దాకా ఉన్నాయి. పైగా వెళ్లేటప్పటి కంటే వచ్చేటప్పుడు గాలిలో ఉండే సమయం తక్కువగా కనిపిస్తోంది. నేరుగా వెళ్లే విమానం ఎందుకు లేదు, దుబాయ్ మీదుగా పోవడం చుట్టుదారి కాదా అని కూడా అడిగారు.

నేను ఒక విమాన సంస్థలో ఫ్లైట్ డిస్పాచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఏ దారిన పోవాలి, ఎంత ఇంధనం పోయాలి, దిగాల్సిన చోట వాతావరణం పాడైతే ఎక్కడికి మళ్లాలి అన్నవన్నీ లెక్కకట్టి, విమానం కదలకముందే పైలట్ చేతిలో పెట్టే ఉద్యోగం అది. మా గదిలో దూరం ఎంత అని అడిగేవారు అరుదు. నిమిషాలెన్ని, టన్నులెన్ని అనే అడిగేవారు. మీ భాగహారంలో తప్పేమీ లేదు. 14,400 నిజమే, 900 కూడా నిజమే. చిక్కల్లా ఎక్కడంటే, మీ అమ్మానాన్నలు ఎక్కే విమానం ఆ 14,400 కిలోమీటర్ల దారిన పోదు, నేలకు సంబంధించినంత వరకు ఆ 900 వేగంతోనూ పోదు.

ముందు దారి సంగతి. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాదు మీద, మరో కొస డాలస్ మీద పెట్టి బిగుతుగా లాగండి. అమెరికా అంటే పడమర అని మనకు అలవాటు కాబట్టి దారం అట్లాంటిక్ మీదుగా పోతుందనుకుంటాం. అది దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. హైదరాబాదు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 175. సరిగ్గా 180 అయి ఉంటే దగ్గరి దారి ఉత్తర ధ్రువం మీదుగానే పోయేది. ఆ ఐదు డిగ్రీల లోటు వల్ల ధ్రువానికి 500 కిలోమీటర్ల పైచిలుకు పక్క నుంచి పోతుంది.

ఆ దారి వెంట ఏమేం వస్తాయో ఒకసారి లెక్క వేసి చూశాను. శంషాబాద్‌లో బయలుదేరిన గీత ముందు ఢిల్లీ మీదుగా పోతుంది. తర్వాత సియాచిన్ పక్కగా కారకోరం పర్వతాలు దాటి చైనా పశ్చిమాన కాష్గర్ మీదికి వస్తుంది. కిర్గిజ్‌స్తాన్, కజకస్తాన్ దాటి సైబీరియాలో ఓమ్‌స్క్ నగరం, యమల్ ద్వీపకల్పం, ఆపైన ఆర్కిటిక్ సముద్రంలో ఫ్రాంజ్ జోసెఫ్ ద్వీపాలు. ధ్రువం పక్క నుంచి అవతలికి దిగితే కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మీర్ ద్వీపం, హడ్సన్ అఖాతం పడమటి వైపు, అమెరికాలో ఒమాహా, చివరికి డాలస్. మీ ఫోను చూపించిన 14,400 ఈ గీత పొడవు. గోడకు తగిలించే మ్యాపులో ఈ దారి కనిపించదు. మెర్కేటర్ 1569లో వేసిన పద్ధతిలో గీసే మ్యాపుల్లో ధ్రువాలు సాగిపోయి పైఅంచున మాయమవుతాయి. పైఅంచు దాటి అవతలి నుంచి కిందికి దిగవచ్చని ఆ మ్యాపు చూసినవారికి తట్టదు.

ఇప్పుడు ఈ గీత వెంట విమానం నడపాలనుకోండి. మొదటి అడ్డంకి కొండలు. కేటూ శిఖరం ఎత్తు 8,611 మీటర్లు, విమానం 10,000 మీటర్లకు పైన ఎగురుతుంది, కొండలకు తగలదు కదా అని చాలామంది అంటారు. మామూలుగా తగలదు. అయితే డిస్పాచర్ ఆలోచించేది మామూలు రోజు గురించి కాదు. కేబిన్‌లో గాలి ఒత్తిడి ఉన్నట్టుండి పడిపోతే పైనుంచి ఆక్సిజన్ మాస్కులు వేలాడతాయి. ప్రయాణికుల మాస్కులకు చాలా విమానాల్లో రసాయనాలతో పుట్టే ఆక్సిజన్ వస్తుంది, అది సుమారు పావుగంటకు సరిపోతుంది. ఆ పావుగంటలో విమానం 3,000 మీటర్ల ఎత్తుకు, అంటే మాస్కు లేకుండా ఊపిరి పీల్చుకోగల ఎత్తుకు దిగిపోవాలి. కింద టిబెట్ పీఠభూమి ఉంటే నేలే సగటున 4,500 మీటర్ల ఎత్తున ఉంది. కారకోరంలో 7,000 మీటర్లు దాటిన శిఖరాలు వరుసగా ఉన్నాయి. ఎక్కడికి దిగుతారు? అందుకే ఆ ప్రాంతం మీద వెళ్లాలంటే ప్రతి చోటు నుంచీ తప్పించుకునే దారి ముందే గీసి ఉండాలి, ఆక్సిజన్ ఎక్కువ మోయాలి. ఇక సియాచిన్ మీద పౌర విమానాలకు దారే లేదు.

కొండల్ని చుట్టి వద్దామంటే రెండో అడ్డంకి అనుమతులు. ఆకాశం ఖాళీగా కనిపిస్తుంది కానీ దేశాల మీది ఆకాశంలో ప్రతి అంగుళమూ ఎవరో ఒకరిది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా విమానాలను అమెరికా, యూరప్ దేశాలు రానివ్వలేదు, వాటి విమానాలను రష్యా రానివ్వలేదు. భారతీయ సంస్థలకు, గల్ఫ్ సంస్థలకు ఆ నిషేధం వర్తించదు. ఇటు చూస్తే 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసేసింది. 2019లో బాలాకోట్ తర్వాత కూడా ఫిబ్రవరి చివర మూసి జూలై మధ్యలో తెరిచింది. అంటే ఇలాంటి పరిస్థితిలో భారతీయ సంస్థకు పాకిస్తాన్ దారి లేదు, అమెరికా సంస్థకు రష్యా దారి లేదు. రెండు రకాల సంస్థలకూ దగ్గరి దారిలో ఏదో ఒక ముక్క తెగిపోయింది. 2025లో ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకు పోయే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని అరేబియా సముద్రం మీదుగా చుట్టి, మధ్యలో వియన్నా లాంటి చోట ఇంధనం కోసం దిగాల్సి వచ్చింది. మ్యాపులో నగరాలు అంగుళం కూడా జరగలేదు, ప్రయాణం మాత్రం గంటల కొద్దీ పెరిగింది.

ఆ దారులు తెరిచి ఉన్న రోజుల్లో ఇలాంటి ప్రయాణాలు జరిగాయి. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా తొలి డైరెక్ట్ విమానాన్ని అందరూ మహిళా పైలట్లే ధ్రువ మార్గంలో నడిపారు. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలోని ఆ బృందంలో కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. ఆ రెండు నగరాల మధ్య గ్రేట్ సర్కిల్ దూరం, అంటే గ్లోబు మీద దారం లాగి కొలిచే దగ్గరి దూరం, సుమారు 14,000 కిలోమీటర్లు, హైదరాబాదు-డాలస్ కంటే కొంచెమే తక్కువ. అదే నెలలో హైదరాబాదు నుంచి షికాగోకు కూడా నేరుగా విమానం మొదలైంది. సుమారు 13,300 కిలోమీటర్ల దూరం, బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానం. తర్వాత అది ఆగిపోయింది.

ధ్రువ మార్గం అనగానే చాలామందికి మంచు, తెల్ల ఎలుగుబంట్లు గుర్తుకొస్తాయి. మాకు గుర్తుకొచ్చేది ఇంధనం ఉష్ణోగ్రత. ధ్రువం దగ్గర బయట గాలి మైనస్ 65 డిగ్రీల దాకా పడిపోయే రోజులుంటాయి. రెక్కల్లోని ఇంధనం గంటల తరబడి ఆ చలిలో ఉంటే గడ్డకట్టడం మొదలవుతుంది. మన దేశంలో నింపే జెట్ ఏ-1 ఇంధనానికి ఆ హద్దు మైనస్ 47 డిగ్రీలు. అమెరికాలో నింపే జెట్ ఏ ఇంధనానికి మైనస్ 40. అంటే డాలస్‌లో ట్యాంకు నింపుకుని వచ్చే విమానానికి ఏడు డిగ్రీల వెసులుబాటు తక్కువ. ఇంధనం ఉష్ణోగ్రత హద్దుకు దగ్గరవుతుంటే పైలట్ కొంచెం కిందికి, కాస్త వెచ్చటి గాలిలోకి దిగుతాడు, లేదా వేగం పెంచుతాడు. రెండింటికీ ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. ఇంకొక వివరం, ఇది చాలామందికి తెలియదు: ధ్రువ ప్రాంతం మీద ఎగిరే అమెరికా సంస్థల విమానాల్లో చలి నుంచి కాపాడే ప్రత్యేక దుస్తులు కనీసం రెండు జతలు ఉండాలని అక్కడి నియమం. సైబీరియాలోనో ఉత్తర కెనడాలోనో దిగాల్సి వస్తే తలుపు తీసి బయటికి వెళ్లి పని చూసేవారికి అవి కావాలి.

సరే, దారి దొరికిందనుకుందాం. అప్పుడైనా హైదరాబాదు-డాలస్ డైరెక్ట్ నడుస్తుందా? విమానానికి ఆ సత్తా లేక కాదు. 2005 నవంబరులో బోయింగ్ 777-200ఎల్ఆర్ హాంకాంగ్ నుంచి తూర్పు దారిన లండన్‌కు 21,602 కిలోమీటర్లు ఆగకుండా 22 గంటల 42 నిమిషాల్లో ఎగిరింది. అయితే అందులో ఉన్నది పిడికెడు మంది. అసలు కథంతా బరువుది. దూర ప్రయాణాల్లో విస్తారంగా వాడే 777-300ఈఆర్ నేల విడిచేటప్పుడు గరిష్ఠంగా 351 టన్నులు ఉండవచ్చు. ట్యాంకులు పూర్తిగా నింపితే అందులో 145 టన్నులు ఒక్క ఇంధనమే. ఆ ఇంధనాన్ని మోయడానికి కూడా ఇంధనం కావాలి. అదనంగా ఎక్కించిన ప్రతి టన్నుకూ గంటకు మూడు నాలుగు శాతం చొప్పున దాన్ని మోయడానికే మండిపోతుంది. 16 గంటల ప్రయాణంలో అదనపు టన్నులో సగానికి సగం గమ్యం చేరకముందే కరిగిపోతుందన్న మాట. అందువల్ల దూరం పెరిగేకొద్దీ మనుషుల్నీ సరుకునీ తగ్గించుకోవాలి.

ప్రస్తుతం ప్రయాణికుల్ని ఎక్కించుకుని ఆగకుండా ఎగిరే అతి దూరపు సర్వీసు సింగపూర్-న్యూయార్క్, 15,349 కిలోమీటర్లు, 18 గంటలకు పైనే. దానికి వాడే ఎయిర్‌బస్ ఏ350-900యూఎల్ఆర్‌లో 161 సీట్లే ఉన్నాయి. అందులో 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. మామూలు ఎకానమీ ఒక్క సీటు కూడా లేదు. సింగపూర్-న్యూయార్క్ మధ్య బ్యాంకుల వాళ్లు, పెద్ద కంపెనీల వాళ్లు ఆ ధర పెట్టగలరు. మన డాలస్ ప్రయాణికులెవరు? విద్యార్థులు, కానుపుకు వెళ్లే అత్తమామలు, సెలవుల్లో పిల్లలతో వచ్చే కుటుంబాలు. అందరూ ఎకానమీయే, ఒక్కొక్కరికీ 23 కిలోల పెట్టెలు రెండేసి, ఆ పెట్టెల్లో ఒక్క గ్రాము కూడా వృథాగా పోనివ్వని ఆవకాయ, గోంగూర, పొడులు. 300 మంది అలా ఎక్కితే పెట్టెలే 13.8 టన్నులు. డిస్పాచర్‌కు గుండె గుభేలుమనే అంకె ఇది. మన ఊరి నుంచి డైరెక్ట్ లేకపోవడానికి గిరాకీ లేదనడం సరికాదు. ఉన్న గిరాకీ చవక టిక్కెట్టుది, నిండు పెట్టెలది. ఆ రెండూ ఇంత దూరపు డైరెక్ట్ ప్రయాణానికి పొసగవు.

ఇక దుబాయ్ సంగతికి వద్దాం. చుట్టుదారి అని మీరన్నారు. లెక్క చూడండి. హైదరాబాదు నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డాలస్ 12,900 పైచిలుకు. కలిపితే సుమారు 15,500. నేరు దారి కంటే 1,100 కిలోమీటర్లే ఎక్కువ, విమానానికి గంటా పావు పని. లండన్ మీదుగా వెళ్తే 7,750, ఆపైన 7,640, మొత్తం దాదాపు 15,400. దోహా మీదుగా 15,700 దాకా వస్తుంది. మ్యాపు చూస్తే లండన్ ఎంతో ఎగువన, దుబాయ్ ఎంతో దిగువన కనిపిస్తాయి. గుండ్రటి భూమి మీద రెండు దార్లూ దాదాపు సమానం. కాబట్టి ఏ ఊరు దగ్గర అనే ప్రశ్న వదిలేయండి. దుబాయ్‌తో తేడా ఏమిటంటే ఒక చిన్న ప్రయాణం, ఒక చాలా పెద్ద ప్రయాణం. లండన్‌తో అయితే రెండూ మధ్యస్థం. మోకాళ్ల నొప్పులున్నవారికి 16 గంటలు ఒకే సీటులో కూర్చోవడం కష్టం, లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మధ్యలో దిగి నడవడం మేలు. భాష రాక బెదిరేవారికి దుబాయ్, దోహాలు సులభం. అక్కడ పనిచేసేవారిలో, పక్కన నిలబడేవారిలో తెలుగో హిందీయో వచ్చినవారు తప్పకుండా దొరుకుతారు. నన్నడిగితే మొదటి ప్రయాణానికి గల్ఫ్ దారే ఎంచుకుంటాను.

దుబాయ్-డాలస్ ముక్కలో కూడా ఒక మెలిక ఉంది. ఆ రెండింటి మధ్య దగ్గరి దారి పశ్చిమ ఇరాన్, దక్షిణ రష్యా మీదుగా సరిగ్గా ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ప్రాంతం పైకి వస్తుంది. 2022 ఫిబ్రవరి 24 నుంచి ఆ ఆకాశం పౌర విమానాలకు మూతపడింది. అందువల్ల విమానాలు తూర్పు నుంచో పడమర నుంచో తప్పించుకుని పోవాలి. ఇరాన్, ఇరాక్‌ల దగ్గర ఉద్రిక్తత పెరిగిన రోజున ఆ దారీ మారుతుంది. అందుకే దూరం 12,900 అని రాసి ఉన్నా అసలు ఎగిరేది ఇంకో నాలుగైదు వందల కిలోమీటర్లు ఎక్కువే. రాత్రి డ్యూటీలో ఒక దేశం గగనతలం మూతపడినట్టు నోటామ్, అంటే విమానాలకు ఇచ్చే అధికారిక హెచ్చరిక, వచ్చిందంటే మాకు టీ తాగడానికి కూడా తీరిక ఉండేది కాదు. గాలిలో ఉన్న ప్రతి విమానానికీ, బయలుదేరబోయే ప్రతి విమానానికీ దారి మళ్లీ వేయాలి, ఇంధనం మళ్లీ కట్టాలి. ఇంధనం ఇంకా పోస్తున్న విమానమైతే ట్యాంకరును ఆపి, కొత్త అంకె చెప్పి, బరువు హద్దు దాటితే ఏ సరుకు దించాలో తేల్చాలి.

ఇప్పుడు వేగం. మీరు చెప్పిన 900 అనే అంకె చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం. విమానం ధ్వని వేగంలో 0.84 వంతున పోతుంది. ఆ ఎత్తులో మైనస్ 56 డిగ్రీల చలిలో ధ్వని వేగం గంటకు 1,060 కిలోమీటర్లు, కాబట్టి విమానం వేగం 890 దాకా వస్తుంది. అయితే ఆ గాలి కూడా నిలకడగా ఉండదు. భూమి తూర్పుకు తిరగడం, ఉష్ణమండలానికీ ధ్రువాలకూ మధ్య ఉన్న వేడి తేడా, ఈ రెండిటి వల్ల మధ్య అక్షాంశాల్లో పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు ఒక గాలి నది పారుతూ ఉంటుంది. అదే జెట్ స్ట్రీమ్. చలికాలంలో దాని నడిమధ్యన గంటకు 200 కిలోమీటర్లు మామూలు. దీన్ని జపాన్ శాస్త్రవేత్త వసాబురో ఓయిషి 1920లలో బెలూన్లు వదిలి కనిపెట్టాడు. లోకమంతా చదవాలని తన నివేదికను ఎస్పెరాంతో అనే, అన్ని దేశాలవారి కోసం కల్పించిన భాషలో ప్రచురించాడు, దాంతో దాదాపు ఎవరూ చదవలేదు.

2020 ఫిబ్రవరిలో సియారా తుఫాను సమయంలో ఈ గాలిని పట్టుకుని ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీద కొలిస్తే ఒక దశలో దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. విమానం ధ్వని వేగాన్ని మించిందా అని అప్పుడు చాలామంది అడిగారు. మించలేదు. గాలితో పాటు కొట్టుకుపోయింది, అంతే.

మీ అమ్మానాన్నలు పడమరకు పోతున్నారు కనుక వారికి ఇది ఎదురుగాలి, మీరు వారిని తిరిగి పంపేటప్పుడు వాలుగాలి. దుబాయ్-డాలస్ మధ్య 13,400 కిలోమీటర్లు ఎగరాలనుకుందాం. సగటున గంటకు 45 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల వేగం 855, దాదాపు 15 గంటల 40 నిమిషాలు పడుతుంది. అదే 45 వెనుక నుంచి తోస్తే నేల వేగం 945, 14 గంటల 10 నిమిషాలు. మీకు కనిపించిన తేడా ఇక్కడిదే. రెండు వందల వేగంతో వీచే గాలికి సగటు 45 మాత్రమే ఎందుకంటే, దాన్ని తప్పించడమే మా పని. పోయేటప్పుడు జెట్ స్ట్రీమ్‌కు ఉత్తరంగా, గ్రీన్‌లాండ్ వైపు పైకి వేస్తాం. వచ్చేటప్పుడు దక్షిణంగా దించి దాన్ని పట్టుకుంటాం. దూరం రెండు మూడు వందల కిలోమీటర్లు పెరిగినా సమయం తగ్గుతుంది. అట్లాంటిక్ మీద ఈ దారులు గాలిని బట్టి రోజుకు రెండుసార్లు కొత్తగా గీస్తారు. పడమరకు పోయేవాటిని స్కాట్లండ్‌లోని కేంద్రం, తూర్పుకు వచ్చేవాటిని కెనడాలోని గాండర్ కేంద్రం. నిన్నటి దారి ఈరోజు ఉండదు. అందుకే ఒకే నంబరు విమానం ఒకరోజు అరగంట ముందు, ఇంకోరోజు ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరుతుంది.

హైదరాబాదు-దుబాయ్ ముక్కలోనూ ఇదే వరస. పోయేటప్పుడు నాలుగు గంటలకు అటూ ఇటూ, వచ్చేటప్పుడు మూడున్నరకు లోపే. అయితే వానాకాలంలో ఒక విశేషం ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ భారతం మీద బాగా ఎత్తున గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన తెలుగు శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1950లలో ఈ తూర్పు జెట్ స్ట్రీమ్‌ను గుర్తించి లోకానికి చెప్పారు. దాని ఉద్ధృతి విమానాలు ఎగిరే ఎత్తు కంటే పైన ఉంటుంది, అంచు మాత్రం తగులుతుంది. అందువల్ల జూలై, ఆగస్టుల్లో మన వైపు నుంచి గల్ఫ్‌కు పోయే విమానాలకు ఎదురుగాలి బెడద తగ్గుతుంది.

టిక్కెట్టు మీద కనిపించేది ఈ ఎగిరే సమయం కూడా కాదు. అది బ్లాక్ టైమ్. చక్రాల కింద దిమ్మలు తీసి విమానం గేటు వదిలిన క్షణం నుంచి, అవతల గేటు దగ్గర మళ్లీ దిమ్మలు పెట్టేదాకా. నేల మీద పాకే సమయం అంతా ఇందులోనే. డాలస్ విమానాశ్రయానికి ఏడు రన్‌వేలున్నాయి, విస్తీర్ణం 69 చదరపు కిలోమీటర్లు, మన్‌హాటన్ దీవి కంటే పెద్దది. ఏ రన్‌వే మీద దిగామన్న దాన్ని బట్టి గేటు చేరడానికి పది నిమిషాలు పట్టవచ్చు, ఇరవై పట్టవచ్చు. ఇది గాక సంస్థలు కొంత అదనపు సమయం కలుపుకుంటాయి. వేళకు చేరాయని అనిపించుకోవాలి కదా.

అన్నిటికంటే ఎక్కువ మందిని తికమక పెట్టేది గడియారం. టిక్కెట్టు మీద ప్రతి సమయమూ ఆ ఊరి స్థానిక సమయం. మేం ఈ గొడవ లేకుండా అన్నీ జూలూ టైమ్‌లో, అంటే గ్రీనిచ్ సమయంలో రాసుకునేవాళ్లం. మీరు అన్నిటినీ మన సమయంలోకి మార్చుకోండి. ఉదాహరణకు చలికాలంలో సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాదులో బయలుదేరారనుకోండి. నాలుగు గంటల తర్వాత దుబాయ్‌లో దిగితే మనకు 8, వారికి 6:30. రెండున్నర గంటలు ఆగి 9కి అక్కడ ఎక్కితే మనకు 10:30. పదహారు గంటలు కలిపితే మనకు మంగళవారం తెల్లవారుజాము 2:30. డాలస్ మనకంటే చలికాలంలో 11 గంటల 30 నిమిషాలు వెనక, కాబట్టి అక్కడ సోమవారం మధ్యాహ్నం 3. టిక్కెట్టు చూస్తే 4కి ఎక్కి అదేరోజు 3కి దిగారు, 11 గంటలే అనిపిస్తుంది. అసలు గడిచింది 22 గంటల 30 నిమిషాలు. వచ్చేటప్పుడు ఇది తలకిందులు. డాలస్‌లో సోమవారం సాయంత్రం ఎక్కినవారు హైదరాబాదులో బుధవారం తెల్లవారుజామున దిగుతారు. తేదీలు చూస్తే రెండు రోజులు పోయినట్టుంటుంది, నాలుగు గంటలు దుబాయ్‌లో ఆగినా గడిచేది 22 గంటల లోపే. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికా గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది, అప్పుడు తేడా 10 గంటల 30 నిమిషాలే.

షుగరు, బీపీ మందులు వేసుకునేవారైతే ఈ లెక్క కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. ఇన్సులిన్ లాంటివి ఏ ఊరి గడియారం ప్రకారం వేసుకోవాలో కాకుండా, చివరి మోతాదు తర్వాత ఎన్ని గంటలు గడిచాయన్న దాన్ని బట్టి ఆయన చెబుతారు. మందులు చేతిసంచిలోనే ఉండాలి.

ఇక ఏ టిక్కెట్టు కొనాలి. 22, 26, 30 గంటల టిక్కెట్ల మధ్య తేడా దాదాపు అంతా మధ్యలో ఆగే సమయమే, ఎగిరే సమయం అన్నిటిలోనూ 20 గంటలకు అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి మొత్తం గంటల్ని పక్కన పెట్టి ఆగే గంటల్ని చూడండి. మొదటిసారి వెళ్లే పెద్దవారికి గంటన్నర కనెక్షన్ కొనకండి, డబ్బు మిగులుతుందన్నా సరే. హైదరాబాదులో అరగంట ఆలస్యమైతే దుబాయ్‌లో భద్రతా తనిఖీ వరుసలో నిలబడి గడియారం చూసుకోవాల్సి వస్తుంది. మూడు నుంచి నాలుగు గంటలు హాయి. ఎనిమిది దాటితే అలసట తప్ప లాభం లేదు. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు రెండో సంస్థ మీ మొహం కూడా చూడదు. వీల్‌చెయిర్ కావాలంటే టిక్కెట్టు కొన్నప్పుడే అడగండి, శాకాహార భోజనం కూడా అప్పుడే చెప్పండి. దూర ప్రయాణానికి నడవ పక్క సీట్లు తీసుకోండి, ఇద్దరికీ. కిటికీ పక్కన కూర్చున్నవారు లేవడానికి మొహమాటపడి 16 గంటలు కదలకుండా ఉండిపోతారు, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం దానివల్లే పెరుగుతుంది.

డాలస్‌లో మీరు స్వాగతం చెప్పడానికి వెళ్లేటప్పుడు విమానం దిగే సమయానికి అక్కడ ఉండనక్కరలేదు. ఇమిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్ అయ్యేసరికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఫ్లైట్ ట్రాకింగ్ యాప్‌లో విమానం గ్రీన్‌లాండ్ దగ్గర్లో కాసేపు కనిపించకుండా పోతే కంగారుపడకండి. అక్కడ నేల మీద సిగ్నల్ అందుకునే కేంద్రాలు తక్కువ, కెనడా తీరం చేరగానే మళ్లీ కనిపిస్తుంది. అప్పుడు ఇంకా ఐదారు గంటల ప్రయాణం మిగిలే ఉంటుంది.